ముత్యం తాగని గిన్నె

మా పెద్దబాపు ముత్యం గుడిలో చేసే పని చూడటానికి చాలా చిన్నది. నెలకోసారి ప్రభువు బల్ల పెట్టిన రోజున పాస్టరయ్య పక్కన తెల్లగుడ్డ పట్టుకుని నడిచేవాడు. మోకాళ్ల మీద ఉన్నవాళ్ల నోటికి పాస్టరయ్య గిన్నె అందించేవాడు. ఒకరు ఒక గుక్క ద్రాక్షరసం తాగగానే పెద్దబాపు ఆ గిన్నె అంచు తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్లకు సిద్ధం చేసేవాడు. అంతే పని. కానీ ఆ పనికి మా మోదుగుగూడలో ఉన్న విలువ పట్వారీ దస్కత్తుకు కూడా లేదు. సంఘ పెద్దకు తప్ప ఆ గుడ్డ ముట్టే హక్కు ఇంకెవరికీ లేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా.

మా గుడి మాలవాడకూ మాదిగవాడకూ మధ్య ఉంది. వెనకటికి ఎవరో తెల్లదొర వచ్చి బోధిస్తే రెండు వాడలూ ఒకే ఏడు బాప్తిస్మం తీసుకున్నాయి. ఊరివాళ్ల కళ్లకు మేమూ వాళ్లూ ఒకటే, ఇద్దరినీ బావి గద్దె ఎక్కనిచ్చేవాళ్లు కాదు. మా మాలవాడ కళ్లకు మాత్రం వేరు. గుడి ముందు చెప్పులు విడిచేవాళ్లం గానీ ఈ తేడాను లోపలికి మోసుకుపోయేవాళ్లం. ముందు చాపలు మావి, వెనక చాపలు వాళ్లవి. బల్ల దగ్గరికి ముందు మేము పోతాం, మేము తాగాక వాళ్లు వస్తారు. ఇలా అని ఎవరూ చాటింపు వేయలేదు. చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతుల్లో అదొకటి. ప్రార్థన చేసేటప్పుడు మాత్రం "సోదరులారా, సోదరీలారా" అని మా పెద్దబాపు గొంతు పెంకులు ఎగిరేలా మోగేది.

ఆయన చెడ్డవాడు కాదు. నేను ఆయన తమ్ముడి బిడ్డను, నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరలు తిప్పిన మనిషి. ఎవరింట్లో జ్వరం ఉన్నా ముందు ఆయనే పోయి కూర్చునేవాడు. చెడ్డవాడు తప్పు చేస్తే పోనీలే అనుకోవచ్చు. ఇలాంటివాడు చేస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

రజాకార్ల గడబిడ ఏడాది సంగతి ముందు చెప్పాలి. అప్పుడు గుడి గిన్నెను చూసుకునే పని పెద్దబాపుదే. ఇత్తడి మీద వెండిపూత పూసిన గిన్నె, తెల్లదొర ఇచ్చిపోయింది. గుర్రాల వాళ్లు పక్క ఊరిదాకా వచ్చారని ఒక పొద్దున కబురు తెలిసింది. పెద్దబాపు తన పెండ్లాం, మా పెద్దవ్వ లస్మవ్వను, పిల్లలను తీసుకుని అడవిలోకి ఉరికాడు. గిన్నె గుడి గూట్లోనే ఉండిపోయింది. మరిచిపోయానని ఆయన అనేవాడు. మరిచిపోయాడో, వెనక్కి పోయి తేవడానికి భయపడ్డాడో దేవుడికే ఎరుక.

ఆ గిన్నెను కాపాడింది మాదిగవాడ రాయమల్లు పెండ్లాం బుచ్చవ్వ. ఆమె తన వాళ్లందరినీ ముందు పంపి, గుడిలోకి పోయి గిన్నె తీసుకుని, తమ ఇంటి వెనక ఉన్న లందలో ముంచేసింది. లంద అంటే తోళ్లు ఊరబెట్టే గుంత. తంగేడు చెక్క నీళ్లు, సున్నం, పచ్చి తోళ్లు, ఆ వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఆ రోజు రజాకార్లు గుడి తలుపు విరగ్గొట్టారు, ఇళ్లు వెతికారు, కోళ్లు పట్టుకుపోయారు. లంద దగ్గరికి మాత్రం ముక్కు మూసుకుని కూడా రాలేదు.

మిలిట్రీ వచ్చి, నిజాం రాజ్యం పోయి, అందరూ ఇళ్లకు చేరాక బుచ్చవ్వ గిన్నెను కడిగి, కొంగులో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది. ముఖమంతా నవ్వే.

"ఇగో ముత్యమన్నా, నీ గిన్నె. తోళ్ల కింద అడుగున వెట్టిన. ఆడ చెయ్యి వెట్టేటోడు ఎవడున్నడు?"

పెద్దబాపు సంతోషపడ్డాడు. సంతోషపడుతూనే భుజం మీది తువ్వాల తీసి, ఆ తువ్వాలతో గిన్నెను అందుకున్నాడు. బుచ్చవ్వ నవ్వు కాస్త తగ్గింది. ఆమె పోయాక ఆయన చింతపండుతో తోమాడు, బూడిదతో తోమాడు, వాగు ఇసుకతో తోమాడు. అక్కడక్కడ వెండిపూత లేచిపోయి ఇత్తడి బయటపడింది. "గిన్నె అరిగిపోతది, ఇడువు ఇగ" అని పెద్దవ్వే అరిచింది. ఎంత తోమినా ఆయనకు లంద వాసన వచ్చేది. మాకెవరికీ రాలేదు.

గిన్నె తెచ్చిన మనిషిని ఆ తర్వాతి బల్ల రోజున ముందుకు పిలవాలి కదా? పిలవలేదు. బుచ్చవ్వ ఎప్పటిలాగే వెనక చాప మీద కూర్చుని, మేమంతా తాగాక వచ్చి తాగింది. అలా కొన్నేళ్లు గడిచాయి.

తర్వాత ఆసిఫాబాద్ నుంచి ఒక కొత్త పాస్టరయ్య రావడం మొదలుపెట్టాడు. సైకిల్ మీద వచ్చేవాడు, చిన్న వయసు, కళ్లు చురుకు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు బల్ల ముందు నిలబడి ఎవరూ అనుకోని మాట అన్నాడు.

"ఈ రోజు వెనక చాపల వాళ్లు ముందు రండి. సంఘ పెద్ద అందరికీ సేవ చేసి చివర తీసుకోవాలి."

పాస్టరయ్య మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు. మాదిగవాడ వాళ్లు వచ్చారు, తాగారు. తర్వాత మావాళ్లు పోయారు. అందరూ అయిపోయారనుకునే వేళకు బుచ్చవ్వ ఉరుకుతూ వచ్చింది. ఇంట్లో బర్రె ఈనితే ఆగిపోయిందట. వచ్చి మోకాళ్ల మీద ఒక్కతే కూర్చుని తాగింది. ఇక మిగిలింది పెద్దబాపు ఒక్కడే.

ఆయన గిన్నె తుడిచాడు. మళ్లీ తుడిచాడు. తిప్పాడు. బుచ్చవ్వ పెదవులు తగిలిన చోటు అటువైపుకు పోయిందని చూసుకుని గిన్నెను నోటి దగ్గర పెట్టుకున్నాడు. తల వెనక్కి వంచాడు. పెదవులు మాత్రం తెరవలేదు. మీసం తడిసింది, మీసం తుడుచుకున్నాడు. పాస్టరయ్య తల వంచి ప్రార్థనలో ఉన్నాడు. బుచ్చవ్వ మాత్రం మోకాలు పట్టేసి ఇంకా అక్కడే ఉంది. ఆయన గొంతు కదలకపోవడం ఆమె చూసింది. ఆమె చూసిందని ఆయనా చూశాడు.

ఆమె నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి పోయింది. మిగిలిన రసమంతా పాస్టరయ్య తాగేసి గిన్నె బోర్లించాడు.

ఆ మరుసటి నెల బుచ్చవ్వ గుడికి వచ్చింది, పాటలు పాడింది, బల్ల దగ్గరికి మాత్రం రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. మా సంఘంలో బల్లకు రాని మనిషి అంటే లోపల ఏదో పాపం ఉన్నట్టు లెక్క. నోళ్లు ఊరుకుంటాయా? రాయమల్లు పోచమ్మ పండుగలో డప్పు కొట్టాడనీ, బుచ్చవ్వ అక్కడ బలిచ్చిన వేటమాంసం తిన్నదనీ పుట్టించారు. పుట్టించింది ముందు చాపలే. చివరికి సంఘ పంచాయతీ పెట్టారు.

పాస్టరయ్య అడిగాడు. "ఎందుకు రావటం లేదమ్మా?"

"నా మనసు ఒప్పుతలేదయ్యా."

"వేటమాంసం తిన్నావా?"

"తినలే."

"మరి ఎవరితోనైనా పగ ఉందా?"

"నాకెవలితోని పగ లేదు. ఇగ నన్ను అడుగకుండ్రి."

పాస్టరయ్య పెద్దబాపు వైపు తిరిగాడు. "నీకేమైనా తెలుసా ముత్యం?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఆయనే తర్వాత నాతో చెప్పాడు. ముందు చాపల మీద ఉన్న ముఖాలు చూశాడు, తన చేతిలోని తెల్లగుడ్డ గుర్తొచ్చింది. "నాకేం తెల్వదయ్యా" అన్నాడు.

పాస్టరయ్యకు ఇక దారి లేదు. కారణం చెప్పేదాకా బుచ్చవ్వను బల్ల నుంచి తొలగించినట్టు అందరి ముందూ చెప్పాడు. గిన్నెను కాపాడిన మనిషికి గిన్నె లేకుండా పోయింది. వెనక చాపల వాళ్లు తలలు దించుకున్నారు. పాస్టరయ్య మళ్లీ ఎవరినీ ముందుకూ వెనక్కూ మార్చలేదు, కొన్నాళ్లకు ఆయనను ఇంకో ఊరికి వేశారు. మేము మళ్లీ ముందు తాగసాగాము.

ఆ రోజు నుంచి మా పెద్దబాపుకు మనశ్శాంతి లేదు. గిన్నె తాగితే గొంతులో పట్టేది, తాగకపోతే నలుగురూ చూస్తారు. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడని పెద్దవ్వ గోల పెట్టేది. ఆయన బుచ్చవ్వ ఇంటికి చేయని మేలు లేదు. కట్టెలు కొట్టి బండి మీద పంపాడు. వాళ్ల బర్రెకు గడ్డి పంపాడు. ఆమె పెద్దకొడుకును వెంటబెట్టుకుని కాగజ్‌నగర్ పోయి, అక్కడ తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడి మిల్లు పనిలో పెట్టించాడు. "మాదిగవాడ మీద గింత పావురం, గింత ప్రేమ ఎక్కడికెల్లి వచ్చింది?" అని పెద్దవ్వ దెప్పేది. చేయాల్సిన ఆ ఒక్క పనీ చేయలేక మిగిలినవన్నీ చేశాడు. పంపినవన్నీ బుచ్చవ్వ తీసుకునేది, "ముత్యమన్న మంచిగుండాలె" అనేది. ఆ దీవెన విన్నప్పుడల్లా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

రాష్ట్రం పేరు మారింది. మా ఊరికి బాట పడింది. వడ్ల బస్తాలా గట్టిగా ఉండే పెద్దబాపు వంగిపోయాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పొలం నుంచి వస్తూ, దారి తప్పినట్టు, బుచ్చవ్వ ఇంటి ముందు ఆగాడు. అప్పటికి రాయమల్లు పోయాడు. ఆమె ఒక్కతే గడపలో కూర్చుని మామిడికాయ తొక్కుకు కాయలు దంచుతోంది.

"బుచ్చవ్వా, జర నీళ్లియ్యి."

ఆమె ముఖంలోకి చూసింది. లోపలికి పోయి కుండలోంచి చెంబు ముంచుకొచ్చింది. వచ్చి రెండడుగుల దూరంలో నిలబడి, చెంబు పైకెత్తి, "దోసిలి వట్టు అన్నా" అంది.

పైనుంచి పోయడం. చెంబుకు నోరు తగలకుండా. ఊరి పెద్దలు మాకు పోసే తీరు అది. ఆమె ఎగతాళికి అలా చేయలేదు. ఆయనకు ఇబ్బంది కాకూడదని చేసింది. దోసిట్లో పడ్డ నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే పెద్దబాపు తాగలేకపోయాడు.

"చెంబు నా చేతికియ్యి బుచ్చవ్వా."

ఆమె ఇవ్వలేదు. "ఎందుకన్నా ఇప్పుడు?"

"గా దినం నువ్వు చూసినవు గదా. పంచాయతీల ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? నేను తాగినంకనే గదా నువ్వు తాగకుంట వోయింది. నా మూలంగ నువ్వు దేవుని రక్తం తాగకపోతివి, గా పాపం నా మీద వడ్డది గదా అనిపించింది. నేను జరిగిపోతె నువ్వన్న తాగుతవని జరిగిన."

ఇన్నేళ్లూ ఆ పాపం తనదేనని ఆయన మోస్తున్నాడు. ఆమె తనదని మోస్తోంది. చేసినవాడు బల్ల దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు, చేయనిది వెనక చాప మీద కూర్చుని తనను తాను తిట్టుకుంది. ఈ మాట నాకు చెప్పేటప్పుడు పెద్దబాపు గోడకు తల కొట్టుకున్నాడు. నేను ఆపలేదు, నిజం చెప్పాలంటే ఆపబుద్ధి కాలేదు.

"గట్లనకు బుచ్చవ్వా, తప్పు నాది" అని ఆయన చెంబు కోసం చెయ్యి చాచాడు.

"నాలుగు గోడల నడుమ నా చెంబుల తాగితె ఏమొస్తది? నన్ను మంది ముంగట తీసేసిండ్రు" అని ఆమె మళ్లీ రోలు దగ్గర కూర్చుంది.

ఆ నెల బల్ల రోజున నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని ముందు చాప చివర కూర్చున్నాను. అప్పటి పాస్టరయ్య పెద్దవయసు మనిషి. ఆయన గిన్నె మీది గుడ్డ తీస్తుండగా పెద్దబాపు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక మాట చెప్పాలె. వెనకట మట్టల ఆదివారం నాడు బుచ్చవ్వ తాగిన గిన్నెల నేను తాగలే. తాగినట్టు చేసిన. గామె చూసింది. చూసి కూడ నా పేరు చెప్పలే. గామెను బల్ల నుంచి తీసేస్తుంటె నేను నోరు మూసుకొని గూసున్న. తప్పు నాది. తియ్యాలంటె నన్ను తియ్యుండ్రి."

అప్పుడు ముందు చాప మీద నుంచి నాగయ్య తాత విసుక్కున్నాడు. ఆయన మా వాడకు పెద్ద.

"నువ్వొక్కనివే అన్నట్టు ఏందిరా నీ ఏడుపు? గా దినం వాళ్లు తాగినంక మేం మాత్రం తాగినమా? అందరికీ ఎర్కున్నదే. గిప్పుడు తోడుడెందుకు?"

తాత ఏమన్నాడో తాతకు కూడా ఆలస్యంగా తెలిసింది. వెనక చాపల మీద ముసలివాళ్లు, పడుచువాళ్లు అందరూ మా వీపుల వైపు చూస్తున్నారు. నాకు ఆ చూపులు మెడ మీద తగిలాయి. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దబాపు కూలబడి "అయ్యో, అయ్యో" అనుకుంటున్నాడు. తాను ఒక్కడే తప్పు చేశానని అనుకున్నాడు పాపం. గుడ్డ పట్టుకుని ఆ రోజు అందరి ముందూ తిరిగినవాడు, మావాళ్లెవరి గొంతూ కదలలేదని చూడలేదు. తన వంతు గురించిన భయంలో ఉన్నాడు.

పాస్టరయ్య కళ్లు తుడుచుకుని, "బుచ్చవ్వా, సంఘం నీకు అన్యాయం చేసింది. ఈ రోజు అందరికంటే ముందు నువ్వు రా తల్లీ" అన్నాడు.

బుచ్చవ్వ కూర్చున్న చోటు నుంచే అంది. "మొదలెందుకయ్యా? నేనేమన్న చుట్టాన్నా? ఇంటిమనిషినే గదా. ఏడ జాగ దొర్కితె ఆడ గూసుంట."

లేచి, కర్ర పట్టుకుని, చాపల మధ్య నుంచి నడిచి వచ్చి పెద్దబాపు పక్కన మోకాళ్లు వంచింది. పెద్దబాపు చెయ్యి చాచి పెద్దవ్వను పిలిచాడు. ఆమె రానన్నట్టు తల ఊపింది గానీ, నలుగురూ చూస్తుంటే వచ్చి ఆయనకు అటువైపు కూర్చుంది.

పాస్టరయ్య గిన్నె బుచ్చవ్వకు అందించాడు. ఆమె తాగింది, ఇన్నేళ్ల తర్వాత. పాస్టరయ్య గుడ్డ తీయబోతే పెద్దబాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తుడువకుండ్రి అయ్యా."

ఆమె పెదవులు తగిలిన చోటే ఆయన పెదవులు ఆనించాడు. గటగట చప్పుడు మాకు వినిపించేలా తాగాడు. గడ్డం మీదుగా రసం కారింది. పసిపిల్లాడిలా వెక్కుతున్నాడు.

తర్వాత గిన్నె పెద్దవ్వ దగ్గరికి పోయింది. ఆమె నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. కళ్లు మూసుకుంది, గిన్నె నోటి దగ్గర పెట్టుకుంది, తల వెనక్కి వంచింది. పెదవులు బిగించే ఉన్నాయి. గొంతు కదలలేదు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన తిన్న కంచంలోనే తిన్న మనిషి ఆమె. ఆ రోజు ఆయన ఎంగిలి ఆమెకు పనికిరాకపోయింది. పెద్దబాపు ఆమె గొంతునే చూస్తున్నాడు. ఒకప్పుడు ఆ పని తానూ చేసినవాడే. తల వంచి, నుదురు నేలకు ఆనించుకున్నాడు.

బుచ్చవ్వ కూడా చూసింది. ఆమె లేచిపోతుందేమో అనుకున్నాను. ఆమె పెద్దబాపు వంగిన వీపు మీదుగా చెయ్యి చాచి, పెద్దవ్వ మోకాలి మీద పెట్టింది.

"ఈ పారి నేను లేసి పోను వదినె" అంది మెల్లగా. "మల్ల నెల గూడ నీ పక్కపొంటే గూసుంట."